శాంతిరాజ్ దిగిన లాడ్జీలు

శాంతిరాజ్‌ను మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం, గోదావరిఖని ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో వాళ్ళ ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నవాళ్ళు అతని మంచితనం గురించి కాసేపే మాట్లాడారు. తర్వాత అందరూ అతని కోపం మీదికి వచ్చారు. ఏ లాడ్జిలో ఎవడి చొక్కా గల్లా పట్టుకున్నాడో ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకున్నారు. పాస్టరు గారు కూడా ముసిముసిగా నవ్వారు. అతని భార్య హన్నా గుమ్మంలోకి వచ్చి ఒక్కసారి చూసింది. అంతే, అందరూ చాయ్ గ్లాసులు అందుకున్నారు.

నలభై ఒక్క ఏళ్ళకే పోయినవాడి కోపం అందరికీ గుర్తుంది. అది ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరికీ పట్టలేదు. అది ఒక మేకు దగ్గర పుట్టింది.

అతని తండ్రి ఆమోసు గనిలో ల్యాంపు రూములో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. గనిలోకి దిగేవాడు తన నంబరు ఇత్తడి బిళ్ళ అక్కడ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. ఆమోసు ఆ బిళ్ళను గోడకున్న చెక్క మీద మేకుకు తగిలిస్తాడు. షిఫ్టు అయ్యి పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుపోవాలి. మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా భూమి లోపల ఉన్నట్టు. ఒక్క బిళ్ళ మిగిలినా ఆమోసు ఇంటికి కదిలేవాడు కాదు. ఆ మనిషి నడిచి రావాలి, లేదా మోసుకు రావాలి. రెంట్లో ఏదో ఒకటి కళ్ళతో చూస్తే తప్ప ఆయనకు అన్నం దిగేది కాదు. చిన్నప్పుడు టిఫిన్ డబ్బా తీసుకుపోయిన శాంతిరాజ్ ఆ చెక్క ముందు నిలబడి అంకెలు నేర్చుకున్నాడు.

నాయన రిటైరయ్యాడు గానీ ఆ ఉద్యోగం కొడుక్కి రాలేదు. కాలనీలో డిగ్రీ పాసైన పిల్లలు చౌరస్తాలో గుంపులుగా నిలబడి రోజులు వెళ్ళదీస్తున్న కాలం అది. 2001లో శాంతిరాజ్‌కు హైదరాబాదు కంపెనీ ఒకటి పని ఇచ్చింది. గని కార్మికులు వేసుకునే బూట్లు, హెల్మెట్లు, గ్లౌజులు ఊరూరా తిరిగి చూపించి ఆర్డర్లు తేవాలి. భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం, అటు మహారాష్ట్రలో బల్లార్షా, చాందా. నెలకు ఇరవై రోజులు లాడ్జీల్లోనే. హన్నా ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది, ఆమె జీతం పాలకూ కూరగాయలకూ సరి. తల్లి ఎలిజబెత్ మందులు, ఇంటి కిరాయి, పొయ్యి మీద అన్నం, అన్నీ ఆ బూట్ల ఉద్యోగం మీదే నడిచాయి. ఆ ఉద్యోగం పోతే ఏముందో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. చౌరస్తా ఉంది.

మొదటి టూరులోనే శాంతిరాజ్ నవ్వులపాలయ్యాడు. బల్లార్షాలో రైలు దిగి, స్టేషను ఎదురుగా ఉన్న లాడ్జిలోకి పోయి, కౌంటరు వెనక గోడ చూశాడు. మేకులకు వరుసగా తాళంచెవులు వేలాడుతున్నాయి, ఒక్క మేకు కూడా ఖాళీ లేదు. అన్ని గదుల్లోనూ మనుషులు ఉన్నారన్నమాట అనుకుని, నోరు తెరిచి అడగకుండానే వెనక్కి తిరిగాడు. ఇంకో లాడ్జి, ఇంకో లాడ్జి. అన్నిచోట్లా గోడనిండా తాళంచెవులే. ఊళ్ళో ఏదో పెద్ద పెళ్ళి ఉన్నట్టుందని స్టేషను బెంచీ మీద నడుం వాల్చాడు. దోమలు అతన్ని నమలడం ఒక్కటే తక్కువ.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే ఆమోసు దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“ఓరి పిచ్చోడా! అది గని కాదుర, లాడ్జి. ఆడ మేకుకు ఉన్నదంటె మనిషి బయటున్నట్టు.”

“నాకేమెరుక నాయినా? నువ్వు నేర్పింది గదే.”

“మంచిగనె నేర్పిన. ఎట్లనన్న ఉండనియ్యి, మనిషి లోపలున్నడా బయటున్నడా, కౌంటర్ల కూసున్నోనికి ఎరుకుండాలె. అది ఎరుక లేనోడు ఆడ కూసునుడే దండుగ.”

ఆ తర్వాత లాడ్జీలు అతనికి బాగానే అర్థమయ్యాయి. అర్థమైనకొద్దీ ఒళ్ళు మండింది. మామూలు గదికీ డీలక్స్ గదికీ తేడా ఏమిటంటే, మామూలు గదిలో మగ్గును గొలుసుతో కుళాయికి కట్టేస్తారు, డీలక్స్‌లో నమ్మి వదిలేస్తారు. సబ్బు జ్వరం బిళ్ళ అంత ఉంటుంది, దాని కాగితం విప్పేలోపే అరిగిపోతుంది. తువ్వాలు మీద ఇంకో ఊరి ఇంకో లాడ్జి పేరు ఉంటుంది. దుప్పటి మీద ఎన్ని దేశాల పటాలున్నాయో చూస్తే బళ్ళో భూగోళం చెప్పే హన్నాకు పనికొస్తుంది. రెండు దిండ్లలో ఒకటి గని కప్పు నుంచి ఊడిన బొగ్గు పెళ్ళలా గట్టిగా, రెండోది దిండు గలీబు మాత్రమే. గోడ మీద మంచుకొండలు, వాటి మీంచి దూకే జలపాతం బొమ్మ. దాని కిందే కుళాయి, తిప్పితే గాలి. అద్దం నిండా ముందు దిగినవాళ్ళు అంటించిపోయిన బొట్టుబిళ్ళలు, వాటి సందుల్లోంచి గడ్డం గీసుకోవాలి. “వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు” అని బోర్డు. ఆరుకు అడిగితే ఇంకా కాగలేదంటారు, ఎనిమిదికి అడిగితే అయిపోయాయంటారు, మధ్యలో కరెంటు పోతుంది.

కరెంటు దగ్గర అతను ఊరుకునేవాడు కాదు.

“మా ఊరి బొగ్గు, మా ఊరి పొగ, మా ఊరి బూడిద. గా కరెంటు హైదరాబాదుల పెద్ద షాపుల మెట్లకు గూడ చల్లగాలి పెడ్తాంది. బొగ్గు తవ్వే ఊర్ల లాడ్జిల ఒక బకీటు నీళ్ళు కాగయి! ఏందన్న ఇది?” అని కౌంటరు ముందు నిలబడి గట్టిగా అడిగేవాడు. గని గేటు ముందు యూనియను నాయకులు షిఫ్టుకు ముందు మీటింగు పెట్టినట్టు, మెట్ల మీద నిలబడి మొదలుపెడితే మందుల కంపెనీవాళ్ళూ విత్తనాల కంపెనీవాళ్ళూ బ్రష్షు నోట్లో పెట్టుకుని గదుల్లోంచి బయటికి వచ్చేవాళ్ళు. అందరికీ అవే బాధలు. కానీ నోరు శాంతిరాజ్‌ది ఒక్కడిదే. మీటింగు అయ్యాక మిగతావాళ్ళకు వేడినీళ్ళు దొరికేవి. అతనికి గది ఖాళీ చెయ్యమని మాట దొరికేది.

అప్పటికి అది ఇంకా సరదా కోపమే. అసలు కోపం 2002 వానాకాలంలో మణుగూరులో వచ్చింది.

ఆరోజు మధ్యాహ్నం నాలుగింటికి అతను గదిలోనే పడుకుని పేపరు చదువుతున్నాడు. సరిగ్గా అప్పుడే గోదావరిఖనిలో ఆమోసును దవాఖానలో చేర్చారు. ఊపిరి ఆడటం లేదు. కొడుకేడీ అని అడుగుతున్నాడు. ఎలిజబెత్ ఎస్టీడీ బూతుకు ఉరికి లాడ్జికి ఫోను చేసింది. కౌంటర్లో ఉన్నవాడు తాళంచెవులను మేకులకు తగిలించే రకం కాదు, అన్నీ కలిపి సొరుగులో పారేసేవాడు. బల్ల మీద ఏదో తాళంచెవి కనపడింది. శాంతిరాజ్‌దే అనుకున్నాడు.

“బయటికి పోయాడమ్మా. రాగానే చెప్తా.”

ఒక చీటీ రాసి పెన్నుల డబ్బా కింద పెట్టాడు. డ్యూటీ అయిపోయి ఇంటికి పోయాడు. పై అంతస్తులో, ఇరవై మెట్ల దూరంలో, శాంతిరాజ్ పేపరు మడిచి నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున చీటీ చేతికి వచ్చింది. బస్సులు మారి ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. ఆమోసు తెల్లవారుజామునే పోయాడు. మట్టి వెయ్యడానికి అందాడు గానీ మాటకు అందలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎవడు లోపలున్నాడో ఎవడు పైకి వచ్చాడో ఒక్కరోజు పొరపడని మనిషి, తన కొడుకు ఎక్కడున్నాడో తెలియకుండా పోయాడు. ఎలిజబెత్ ఏడుస్తూ ఒకటే మాట అంది. “రాత్రంతా తలుపు దిక్కే చూసిండు బిడ్డా.”

ఆ తర్వాత శాంతిరాజ్ ఏ లాడ్జిలో దిగినా మొదట సబ్బు చూడలేదు, దుప్పటి చూడలేదు. గోడ చూశాడు. బయటికి పోతూ తాళంచెవి ఇచ్చి అక్కడే నిలబడేవాడు.

“తగిలియ్యి.”

“పెడతాలే సారు, పోండి.”

“నా కండ్ల ముందట తగిలియ్యి.”

తగిలించేదాకా కదిలేవాడు కాదు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కునేవాళ్ళు, పిచ్చివాడనుకునేవాళ్ళు. మూడు లాడ్జీల్లో ఇతనికి గది ఇవ్వొద్దని పుస్తకం అట్ట లోపల రాసుకున్నారు. కంపెనీ మీటింగని హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో దింపితే, అక్కడ తాళంచెవే లేదు, అట్టముక్క లాంటి కార్డు ఇచ్చారు. తలుపుకు చూపిస్తే చాలు, జేబులో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చన్నారు. “మనిషి లోపలున్నడో సచ్చిండో గీ కార్డు ఎవలకు చెప్తదమ్మా?” అని కౌంటర్లో అమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల నేర్పిన నవ్వు నవ్వి, మేనేజరును పిలుస్తానంది.

సేల్స్ మేనేజరు రఘుపతి చెవిన అది పడింది. అంతకుముందే నాలుగు ఫిర్యాదులు ఉన్నాయి. శాంతిరాజ్‌ను పిలిచి, కుర్చీ చూపించకుండా మాట్లాడాడు. “నిన్ను బూట్లు అమ్మమని పెట్టుకున్నాం, లాడ్జీలను బాగుచెయ్యమని కాదు. ఇంకొక్క ఫోను వచ్చిందంటే నీ రోడ్డు నీది, మా రోడ్డు మాది.” పైగా, కొత్తగూడెం వెళ్ళినప్పుడు అందరూ ‘చంద్రప్రభ డీలక్స్’లోనే దిగాలని ఆర్డరు వేశాడు. అది రఘుపతి బావమరిది లాడ్జి.

ఇంటికి వచ్చి చెబితే హన్నా చేతులు జోడించింది. “నీకు దండం పెడ్త. తాళంచెవి బాయిల పడేసుకుంటె పడేసుకోనియ్యి, నువ్వు నోరు తెరువకు. అత్తమ్మకు మందులు ఎట్ల తెస్తవు?”

“తెరువ.”

“ప్రమాణం చెయ్యి.”

“చేసిన తీయ్.”

దాదాపు ఏడాది ఆ మాట నిలబెట్టుకున్నాడు. లోపల ఉడుకుతూనే ఉన్నాడు గానీ పైకి మూత లేవనివ్వలేదు. చన్నీళ్ళు పోసుకున్నాడు. గాలి వచ్చే కుళాయికి కూడా నమస్కారం పెట్టాడు.

2008 చలికాలంలో చంద్రప్రభలో పదిహేనో నంబరు గదిలో దిగాడు. పక్కన పద్నాలుగులో మందమర్రి నుంచి ఒంటరిగా వచ్చిన కొమురెల్లి అనే పాత కార్మికుడు ఉన్నాడు. మర్నాడు పొద్దున ఆయనకు మెడికల్ బోర్డు. ఇక గనిలో దిగలేడని డాక్టర్లు తేలిస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుందని ఆశ. సాయంత్రం వరండాలో శాంతిరాజ్ సంచి విప్పి బూట్లు తుడుచుకుంటుంటే పెద్దాయన వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని, ముందు భాగంలో ఉన్న ఇనుప టోపీని వేళ్ళతో కొట్టి చూశాడు.

“గిసువంటియి మా టైముల ఉంటె నా బొటనేలు నాకుండు బిడ్డా.”

“ఇప్పుడు వేసుకో కాకా, తొమ్మిదో నంబరు.”

“ఇప్పుడేస్కుంటె డాక్టరు మంచిగున్నవు, ఇంక పదేండ్లు దిగుమంటడు.” నవ్వి, గుమ్మం దగ్గర ఆగాడు. “షుగరుకు సూది ఏసుకుంట, పొద్దుగాల మత్తుగుంటది. ఏడు గొట్టంగ నా తలుపు కొట్టు. ఇద్దరం చాయ్ తాగుదం. ఎనిమిదిన్నరకు నేను దవాఖానల ఉండాలె.”

పొద్దున ఏడింటికి శాంతిరాజ్ తలుపు కొట్టాడు. పలకలేదు. మళ్ళీ కొట్టాడు. లోపల కుళాయి కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కిందికి దిగాడు. కౌంటర్లో లింగమూర్తి, యాభై దాటిన మనిషి, మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు.

“లింగమూర్తన్నా, పద్నాలుగు పెద్దాయన బయటికి పోయిండా?”

లింగమూర్తి లేవకుండానే వెనక్కి వేలు చూపించాడు. “తాళంచెవి ఉంది గద సారు. పోయిండు.”

“పోంగ నువ్వు చూసినవా?”

“నేను ఆరింటికి డ్యూటీ ఎక్కిన. మెడికల్ బోర్డోళ్ళు తెల్లారకముందే పోయి లైను కడతరు సారు. ఏటా చూసేదే.”

శాంతిరాజ్ గోడ వైపు చూశాడు. వేలాడుతున్న మిగతా తాళంచెవులన్నిటికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంది. పద్నాలుగు దగ్గర వేలాడేదానికి ఎర్ర దారం మాత్రమే ఉంది.

“దానికి బిళ్ళేది?”

“డూప్లికేటు అది. మనిషి పోయినంక ఖాళీ మేకు కనపడితే తాళంచెవి పోగొట్టినవని మా ఓనరు పొద్దున్నే తిట్లకు దిగుతడు. అందుకని తగిలిస్త.”

“అసలుది?”

“ఆయన తాననే ఉండాలె.”

“మరి ఆయన ఏడున్నడన్నా?”

లింగమూర్తి మఫ్లరు విప్పుకున్నాడు.

డూప్లికేటుతో తాళం తిరిగింది గానీ తలుపు తెరుచుకోలేదు. లోపల గడియ వేసి ఉంది. ఇద్దరూ కలిసి అరిచారు. మిగతా గదులవాళ్ళు బయటికి వచ్చారు. తలుపు కిందినుంచి నీళ్ళు పల్చగా వరండాలోకి వస్తున్నాయి. తలుపు పగలగొడదామంటే లింగమూర్తి అడ్డం నిలబడ్డాడు. మొన్ననే పెట్టించిన టేకు తలుపులు, ఫోను చేసి ఓనరును అడగాలి. అడిగాడు. పెద్దమనిషి నిద్రపోతున్నాడేమో, పది గంటలకు వడ్రంగిని తీసుకుని వస్తాను, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని ఓనరు చెప్పాడు. గొడవ చేసేది ఎవరని అడిగాడు. ఐదు నిమిషాల్లో శాంతిరాజ్ సెల్లు మోగింది. రఘుపతి.

“మళ్ళీ మొదలుపెట్టావా?”

“సార్, లోపల మనిషి పడిపోయిండు.”

“నువ్వు చూశావా?”

“చూద్దమంటె తలుపు తియ్యనిస్తలేరు సార్.”

“వడ్రంగి వస్తాడు, తీస్తాడు. నీకేం పని? బ్యాగు తీసుకుని గనికి పో. ఆ తలుపు మీద నీ చెయ్యి పడిందంటే రేపటి నుంచి ఆఫీసుకు రావద్దు. అర్థమైందా?”

శాంతిరాజ్ ఫోను చెవికి పెట్టుకునే నిలబడ్డాడు. తల్లి మందుల సీసాలు కళ్ళ ముందుకు వచ్చాయి. హన్నా జోడించిన చేతులు వచ్చాయి. చౌరస్తాలో తనతో చదువుకున్నవాళ్ళు, జేబుల్లో చేతులు పెట్టుకుని. పక్కవాళ్ళందరూ అతని మొహమే చూస్తున్నారు.  లోపల కుళాయి కారుతూనే ఉంది.

“చెయ్యి వెయ్య సార్” అని ఫోను పెట్టేశాడు.

గదిలోకి పోయి, సంచిలోంచి తొమ్మిదో నంబరు జత తీసి, లేసులు గట్టిగా బిగించి కట్టుకుని వచ్చాడు. ఏడేళ్ళుగా ఊరూరా చెప్పుకుంటూ తిరిగిన మాటలు నిజమో అబద్ధమో అప్పుడు తేలింది. మొదటి తన్నుకు టేకు కదల్లేదు. రెండో తన్నుకు చీలింది. మూడో తన్నుకు గడియ ఊడి లోపల పడింది.

కొమురెల్లి బాత్రూము గుమ్మంలో అడ్డంగా పడి ఉన్నాడు. ఒళ్ళు చల్లగా, చెమటతో తడిసి ఉంది. ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి తగిలింది. శాంతిరాజ్ లింగమూర్తి మీద అరుస్తూనే ఆయన్ను ఎత్తుకున్నాడు. “పట్టు! కాళ్ళు పట్టు! మఫ్లరు తర్వాత కట్టుకుందువు!” లింగమూర్తి ఏడుస్తూ పట్టుకున్నాడు. ఆటోలో దవాఖానకు ఉరికించారు. పది గంటల దాకా ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

మధ్యాహ్నానికి కొమురెల్లి కళ్ళు తెరిచాడు.

“టైమెంత?”

“పన్నెండున్నర కాకా.”

“అయ్యో, నా మెడికల్ బోర్డు పాయె! ఏడింటికి లేపుమంటిని గద బిడ్డా నిన్ను!”

“లేపిన కాకా!” శాంతిరాజ్ పళ్ళు పటపటలాడించాడు. “తలుపు పలగ్గొట్టి లేపిన! ఇంకెట్ల లేపాలె?”

ఆ రోజే ఉద్యోగం పోయింది. ఆ తర్వాత, చనిపోయేదాకా, బసంత్‌నగర్‌లో సిమెంటు లారీల ఆఫీసులో పనిచేశాడు గానీ, ఈ ఉద్యోగం పోయిన సంగతి ఆ సాయంత్రం ఇంట్లో చెప్పడం అతనికి తలుపు పగలగొట్టినంత తేలిక కాలేదు. గుమ్మంలో బూట్లు విప్పకుండానే నిలబడ్డాడు. హన్నా పిల్లల కాపీలు దిద్దుతోంది.

“కొట్లాడినవా?”

“ఊఁ.”

“పోయిందా?”

“పోయింది.”

హన్నా ఎర్ర పెన్ను కింద పెట్టింది. “ప్రమాణం చేస్తివి గద. ఏం ముంచుకొచ్చిందయ్యా నీకు?”

అతను మొత్తం చెప్పాడు. ఎర్ర దారం, నీళ్ళు, వడ్రంగి, పది గంటలు. తల వంచుకునే చెప్పాడు. లోపలి గదిలో ఎలిజబెత్ వింటోంది.

“బతికిండా గా పెద్దాయన?”

“బతికిండు. నన్నే తిట్టిండు.”

 హన్నా లేచి తన సెల్లు తీసుకుంది. “నంబరు చెప్పు. మీ మేనేజరుది.”

“ఎందుకే? బతిలాడుతవా? ఆయన వినడు.”

“చెప్పు ముందుగాల.”

చెప్పాడు. రఘుపతి ఎత్తాడు.

“నమస్తే రఘుపతి సారూ. శాంతిరాజ్ భార్యను. తలుపు ఎట్లుంది సారూ? బాగున్నదా? మనిషి బతికిండు, మీకు ఫికరుంటదని చెప్తున్న... మీరాగుండ్రి, నేను మాట్లాడుతున్న. మా మామ ముసలాయన తలుపు దిక్కు చూసుకుంట పోయిండు సారూ, ఒక లాడ్జోడు మనిషున్నడా లేడా చూడక. ఇప్పుడు ఇంకొకలింట్ల గదే అయ్యేదుండె. మీకు టేకు తలుపు ముద్దొచ్చింది. గా పెద్దాయన మీ నాయిన అయితె పదింటిదాంక ఆగుతుంటిరా? వడ్రంగి కోసం సూస్తుంటిరా? సిగ్గుండాలె...”

గొంతు కాలనీ చివరిదాకా పోతోంది. పక్కింట్లో టీవీ చప్పుడు తగ్గింది. శాంతిరాజ్ కంగారుగా కిటికీ వైపు చూశాడు.

“మెల్లగ మాట్లాడవే, వింటున్నరు.”

హన్నా అతన్ని ఒక చేత్తో పక్కకు తోసి ఇంకో రెండు నిమిషాలు మాట్లాడింది. అప్పుడు ఫోను తెగిపోయింది. తెర వంక చూసి, “బ్యాలెన్సు అయిపోయింది” అని చెయ్యి చాపింది. “నీదిటియ్యి.”